విమానయాన లాయల్టీ ప్రోగ్రాంలు: చేరడం నుంచి గడ్డు రోజున పని చేయించుకోవడం దాకా

లాయల్టీ ప్రోగ్రాం అంటే తరచూ తమ విమానాలు ఎక్కేవాళ్లకు ఎయిర్‌లైన్ బహుమతులు, సౌకర్యాలు ఇచ్చే పథకం. అందులో చేరినవాళ్లు మొదట అడిగేది ఫ్రీ టికెట్ గురించి. ఆ తర్వాత లాంజ్ గురించి, అంటే ఎయిర్‌పోర్టులోని ప్రత్యేక విశ్రాంతి గది గురించి. ఏళ్ల తరబడి తరచూ విమానాల్లో తిరుగుతున్న నాకు మాత్రం ఈ రెంటికన్నా విలువైనదిగా తోచింది మరొకటి ఉంది. విమానం రద్దయిన రాత్రి మన ఫోన్ త్వరగా ఎత్తి, తిన్నగా మాట్లాడి, వేరే విమానంలో సీటు వేసే మనిషి. స్టేటస్, అంటే ప్రోగ్రాంలో పైమెట్టు, ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మామూలు రోజుల్లో తేడా కాస్త ముందు బోర్డింగ్, కూర్చోవడానికి ఓ మెత్తటి కుర్చీ. గడ్డు రోజున ఆ తేడా ఒక రాత్రంతా ఉంటుంది. ఈ మార్గదర్శి ఆ దృష్టితోనే రాస్తున్నాను. ఏ ప్రోగ్రాం ఎంచుకోవాలన్నా, మైళ్లు దేనికి ఖర్చు పెట్టాలన్నా “ఇబ్బంది వచ్చిన రోజు ఇది నాకు పనికొస్తుందా?” అని అడిగి చూసుకుంటే చాలా నిర్ణయాలు తేలికవుతాయి.

1. రెండు లెక్కలు వేరని ముందు గుర్తుపెట్టుకోండి

ప్రతి ప్రోగ్రాంలోనూ మీ పేరు మీద రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి, ఖర్చు పెట్టుకునే మైళ్లు లేదా పాయింట్లు. టికెట్‌కో అప్‌గ్రేడ్‌కో (పై క్లాసు సీటుకు మారడానికి) వాడితే అవి తగ్గుతాయి. రెండోది స్టేటస్ లెక్క. ఏడాదిలో ఎంత తిరిగారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నదాన్ని బట్టి సిల్వర్, గోల్డ్, ప్లాటినం లాంటి మెట్టు వస్తుంది. ఈ లెక్క వాడితే తగ్గదు గానీ ఏడాది తిరగ్గానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. క్రెడిట్ కార్డు మీద మైళ్లు కుప్పలుగా వచ్చినా చాలా ప్రోగ్రాంలలో దానివల్ల స్టేటస్ రాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2022 నుంచి కార్డు ఖర్చుని కూడా స్టేటస్‌లో కలుపుతోంది. అలాంటివి ఉన్నాయి కాబట్టి మీ ప్రోగ్రాం నియమం చూసుకోవాలి.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మేలో అడ్వాంటేజ్ ప్రోగ్రాం మొదలుపెట్టినప్పుడు లెక్క సులువు: ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు. కొద్ది రోజులకే యునైటెడ్ కూడా తన ప్రోగ్రాంతో వచ్చింది. తర్వాత లెక్క మారిపోయింది. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో దూరాన్ని వదిలి టికెట్ ధరను బట్టి మైళ్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి స్టేటస్ పాయింట్లను కూడా ఖర్చుకే ముడిపెట్టింది. అంటే చవక టికెట్ల మీద దూరదూరాలు తిరిగి స్టేటస్ సంపాదించే పాత పద్ధతి చాలా చోట్ల ఇక సాగదు. పాత సలహాలు చదివేటప్పుడు అవి ఏ సంవత్సరానివో చూసుకోండి.

ఈ ప్రోగ్రాంలు ఎయిర్‌లైన్‌కి ఎంత పెద్ద వ్యాపారమో 2020లో బయటపడింది. విమానాలు నేల మీదే నిలిచిపోయిన ఆ రోజుల్లో యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్‌ను హామీగా పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా తన స్కైమైల్స్‌ను హామీగా పెట్టి 900 కోట్ల డాలర్లు అప్పుగా సమకూర్చుకున్నాయి. విమానాలు కదలకపోయినా బ్యాంకులు క్రెడిట్ కార్డుల కోసం మైళ్లు కొంటూనే ఉంటాయి కాబట్టి అది సాధ్యమైంది. మైళ్లను సృష్టించేదీ ఎయిర్‌లైనే, ఎన్ని మైళ్లకు సీటు ఇవ్వాలో నిర్ణయించేదీ ఎయిర్‌లైనే. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మైళ్లను ఏళ్ల తరబడి దాచిపెట్టే పొరపాటు చేయరు.

2. ప్రోగ్రాం ఎంచుకోవడం

ఎక్కే విమానం ఒక సంస్థది, మైళ్లు పడే ఖాతా మరో సంస్థది కావచ్చు. దీనికి వీలు కల్పించేవి మూడు పెద్ద కూటములు: 1997లో పుట్టిన స్టార్ అలయన్స్, 1999లో పని మొదలుపెట్టిన వన్‌వరల్డ్, 2000లో వచ్చిన స్కైటీమ్. ఒక కూటమిలోని ఏ సంస్థ విమానం ఎక్కినా, అదే కూటమిలో మీకు నచ్చిన ప్రోగ్రాం నంబర్ ఇవ్వొచ్చు. ఒక్కో విమానానికి ఒక్క ఖాతాలోనే మైళ్లు పడతాయి.

కాగితం తీసుకుని రాబోయే ఏడాదిలో చేయబోయే ప్రయాణాలు రాయండి. ప్రతి ప్రయాణం పక్కన ఏ సంస్థ విమానం, ఏ క్లాసు, డబ్బు ఎవరు కడతారు, టికెట్ ఎంచుకునే స్వేచ్ఛ మీకుందా అన్నవి రాయండి. ఆఫీసు కొనే టికెట్లే ఎక్కువైతే ఎయిర్‌లైన్ ఎంపిక మీ చేతుల్లో ఉండదు. అప్పుడు ఆఫీసు ఎక్కువగా వాడే కూటమిని పట్టుకోవడమే మేలు. జాబితా చూశాక ఏ కూటమి పేరు ఎక్కువసార్లు వచ్చిందో తెలిసిపోతుంది.

ఆ కూటమిలో ఏ ప్రోగ్రాం అన్నది తర్వాతి ప్రశ్న. నేను ఈ వరసలో చూస్తాను. మొదట, నేను కొనే రకం టికెట్లకు ఎంత శాతం మైళ్లు వస్తాయి? రెండోది, కూటమి మొత్తంలో చెల్లే గోల్డ్ స్థాయి మెట్టుకు ఎంత కావాలి? మూడోది, మైళ్లకు గడువు ఎలా ఉంది? సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్‌లో మైళ్లు వచ్చిన మూడేళ్లకు, మీరు ఎంత చురుగ్గా ఉన్నా, గడువు తీరిపోతాయి. అమెరికన్‌లో 24 నెలల పాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతేనే పోతాయి. డెల్టా, యునైటెడ్ మైళ్లకు గడువు లేదు. ఏడాదికి ఒకటి రెండు సార్లే తిరిగేవాళ్లకు ఈ మూడో ప్రశ్నే మొదటిది కావాలి.

ఇంకొక్క మెలిక ఉంది, చాలామంది గమనించరు. కొన్ని సంస్థలు తమ సొంత సభ్యులకన్నా బయటి ప్రోగ్రాం సభ్యులకు ఎక్కువ ఇస్తాయి. యునైటెడ్ సొంత గోల్డ్ సభ్యులు అమెరికా లోపలి ప్రయాణం మాత్రమే చేస్తుంటే ఆ సంస్థ లాంజ్‌లోకి వెళ్లలేరు. మరో దేశపు స్టార్ అలయన్స్ ప్రోగ్రాంలో గోల్డ్ ఉన్నవాళ్లు అదే విమానానికి అదే లాంజ్‌లో కూర్చోవచ్చు. కాబట్టి “నేను ఎక్కువగా ఎక్కేది ఈ సంస్థ, కాబట్టి దీని ప్రోగ్రాంలోనే చేరాలి” అన్న తర్కం ప్రతిసారీ సరైంది కాదు.

ఒక ప్రధాన ప్రోగ్రాం, మరో కూటమిలో ఒక చిన్న ఖాతా. అంతకుమించి వద్దు. ఐదు ఖాతాల్లో పంచుకున్న మైళ్లతో ఎక్కడా ఒక టికెట్ రాదు, ఎక్కడా స్టేటస్ రాదు.

3. బుకింగ్ సమయంలో చేయాల్సిన చిన్న పనులు

టికెట్ కొనేటప్పుడే సభ్యత్వ నంబర్ ఇవ్వండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో ఖాతాలోనూ అలాగే ఉండాలి. ఇంటిపేరు, అసలు పేరు తారుమారైతే మైళ్లు ఖాతాలోకి రావు. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటున్న మనకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

టికెట్ మీద ఒక్క అక్షరం ఉంటుంది, టికెట్ ధర రకాన్ని చెప్పే ఆ అక్షరమే ఫేర్ క్లాస్. పక్కపక్కన ఎకానమీ సీట్లలో కూర్చున్న ఇద్దరి టికెట్ల మీద వేర్వేరు అక్షరాలు ఉండొచ్చు. భాగస్వామ్య సంస్థ విమానమైతే ఆ అక్షరాన్ని బట్టి ఒకరికి పూర్తి మైళ్లు, మరొకరికి పావు వంతు, ఇంకొకరికి ఏమీ రాకపోవచ్చు. కొనేముందు మీ ప్రోగ్రాం వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరుతో ఉన్న మైళ్ల పట్టిక తెరిచి ఆ అక్షరం ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని.

కోడ్‌షేర్ టికెట్ అయితే, అంటే ఒక సంస్థ పేరుతో కొన్నా నడిపేది మరో సంస్థ అయితే, రెండు వేర్వేరు బుకింగ్ నంబర్లు ఉంటాయి. ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఒకటి మీకు వస్తుంది. విమానం నడిపే సంస్థ దగ్గర ఇంకొకటి ఉంటుంది. ఫోన్ చేసి ఆ రెండోది అడిగి తీసుకోండి. దాంతో ఆ సంస్థ యాప్‌లోకి వెళ్లి సీటు ఎంచుకోవచ్చు, మీ సభ్యత్వ నంబర్ అక్కడికి చేరిందో లేదో చూడొచ్చు. ఒకసారి భాగస్వామ్య సంస్థ కౌంటర్‌లో నా స్టేటస్ వాళ్ల తెర మీద కనబడనే లేదు. అదనపు లగేజీకి డబ్బు కట్టమన్నారు. ఫోన్‌లో ఉన్న సభ్యత్వ కార్డు చూపించి, నంబర్‌ను బుకింగ్‌లో మళ్లీ ఎక్కించమని అడిగాక సర్దుకుంది. అందుకే డిజిటల్ కార్డును ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్‌లో దాచుకోవడం నాకు అలవాటైంది.

ఇంకో మాట: వీలైనంతవరకు ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొనండి. ఏజెన్సీ సైట్‌లో కాస్త తక్కువకు దొరకొచ్చు. కానీ మార్పు కావాల్సి వచ్చినప్పుడు ఎయిర్‌లైన్ “మీ ఏజెంట్‌ని అడగండి” అంటుంది, ఏజెంట్ “ఎయిర్‌లైన్‌ని అడగండి” అంటాడు. మీ గోల్డ్ కార్డు ఆ ఇద్దరి మధ్య ఏమీ చేయలేదు.

మైళ్లు పడేదాకా బోర్డింగ్ పాస్ పారేయొద్దు. పడకపోతే వెబ్‌సైట్‌లో మిస్సింగ్ మైల్స్ ఫారం ఉంటుంది. టికెట్ మీదుండే 13 అంకెల నంబర్, బోర్డింగ్ పాస్ ఫొటో అడుగుతారు. చాలా చోట్ల ఈ క్లెయిమ్‌కి కొన్ని నెలల గడువే ఉంటుంది, కాబట్టి తిరిగొచ్చిన నెలలోపే చూసుకోండి.

4. స్టేటస్ కోసం ఎంత దూరం వెళ్లాలి?

కూటముల్లో పైమెట్ల పేర్లు వేరు, సారం దగ్గరదగ్గరగా ఒకటే. స్టార్ అలయన్స్ గోల్డ్‌కి లాంజ్ ప్రవేశం, తనతోపాటు ఒక అతిథి, ప్రత్యేక చెక్ఇన్, ముందు బోర్డింగ్, బరువు లెక్కన లగేజీ ఇచ్చే చోట అదనంగా 20 కిలోలు, సంఖ్య లెక్కన ఇచ్చే చోట అదనంగా ఒక పెట్టె ఉంటాయి. వన్‌వరల్డ్‌లో రూబీ, సఫైర్, ఎమరాల్డ్ అని మూడు మెట్లు. సఫైర్‌కి బిజినెస్ లాంజ్, ఎమరాల్డ్‌కి ఫస్ట్ క్లాస్ లాంజ్ కూడా. స్కైటీమ్‌లో ఎలైట్, ఎలైట్ ప్లస్. అంతర్జాతీయ ప్రయాణంలో లాంజ్ దొరికేది ఎలైట్ ప్లస్‌కే.

నా అభిప్రాయంలో అన్నింటికన్నా కింది మెట్టు కోసం ప్రత్యేకంగా ఒక్క రూపాయి కూడా అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు. దానంతట అది వస్తే మంచిదే. లాంజ్, అదనపు లగేజీ, ప్రత్యేక ఫోన్ లైన్ మొదలయ్యేది మధ్య మెట్టు నుంచి. ఎక్కువమందికి ఆగాల్సిన చోటు కూడా అదే. ఆ పైమెట్టుకు కావాల్సిన ఖర్చు బాగా పెరుగుతుంది, వచ్చే ప్రయోజనం ఆ మేరకు పెరగదు.

ఏడాది చివర్లో కొద్ది పాయింట్లు తక్కువైతే అనవసరంగా ఒక విమానం ఎక్కి వద్దామా అనిపిస్తుంది. అప్పుడు ఇలా లెక్క వేయండి: వచ్చే ఏడాది నేను ఎన్ని ప్రయాణాలు చేస్తానో కచ్చితంగా తెలుసా? వాటిలో ఎన్నింట్లో లాంజ్, లగేజీ నిజంగా వాడతాను? వాటిని విడిగా కొంటే ఎంతవుతుంది? ఆ మొత్తం టికెట్ ఖర్చుకన్నా ఎక్కువైతేనే వెళ్లండి. ఉద్యోగం మారబోతున్నా, ప్రయాణాలు తగ్గబోతున్నా వదిలేయండి.

స్టేటస్ ఏడాది ఎప్పుడు మొదలవుతుందో తెలుసుకోవడం ముఖ్యం. కొన్ని ప్రోగ్రాంలలో జనవరి నుంచి డిసెంబర్, కొన్నింట్లో మీరు చేరిన నెల నుంచి. సాధారణంగా మెట్టు ఎక్కిన రోజు నుంచి ఆ ఏడాది మిగిలినంత కాలం, ఆపై మరో ఏడాది అది ఉంటుంది. కాబట్టి ఏడాది మొదట్లో సాధించినవాళ్లు దాదాపు రెండేళ్లు అనుభవిస్తారు. పెద్ద ప్రయాణాన్ని ఏ నెలలో పెట్టుకోవాలన్న స్వేచ్ఛ ఉంటే ఇది చూసుకుని పెట్టుకోండి.

ఒక సంస్థలో స్టేటస్ ఉంటే పోటీ సంస్థ అదే స్థాయిని కొంతకాలం ఇచ్చి చూస్తుంది. దీన్నే స్టేటస్ మ్యాచ్ అంటారు. కొన్ని సంస్థలు కొద్ది నెలలు ఇచ్చి, ఆ లోపు ఇన్ని విమానాలు ఎక్కితే ఏడాది కొనసాగిస్తామంటాయి. చాలా చోట్ల ఈ అవకాశం మళ్లీ మళ్లీ ఇవ్వరు. ప్రయాణాలు లేని నెలల్లో దీన్ని వృథా చేసుకోకుండా, వరుస ప్రయాణాలు మొదలయ్యే వారం ముందు అడగండి.

5. ఉన్న ప్రయోజనాలు పూర్తిగా వాడుకోవడం

అడగందే అమ్మయినా పెట్టదంటారు. స్టేటస్ విషయంలో ఇది అక్షరాలా నిజం. ఖాళీ మధ్య సీటు పక్కన ఉండే సీటు, కాళ్లు చాపుకునే వరస, అదే రోజు ముందు విమానానికి మార్పు ఇవన్నీ సభ్యుల నియమాల్లో ఉన్నా ఎవరూ పిలిచి ఇవ్వరు. మీ మెట్టుకు ఏమేమి వస్తాయో ఒకసారి కూర్చుని చదివి ఫోన్‌లో రాసుకోండి.

లాంజ్ గురించి ఎక్కువ చెప్పను. రద్దీ పెరిగి చాలా చోట్ల కుర్చీ దొరకడమే కష్టమైంది. అయితే లాంజ్‌లో తిండికన్నా విలువైనది అక్కడి సర్వీస్ డెస్క్. టికెట్ మార్చగల ఉద్యోగి ఉన్న డెస్క్ ఎక్కడుందో లోపలికి వెళ్లగానే చూసి పెట్టుకోండి.

అప్‌గ్రేడ్ మీద అపోహలు చాలా ఉన్నాయి. మంచి బట్టలు వేసుకుంటే, చెక్ఇన్‌లో నవ్వుతూ అడిగితే ఇస్తారని చెబుతుంటారు. నిజానికి గేటు దగ్గరి ఉద్యోగి ముందు కంప్యూటర్ తయారుచేసిన వరస ఉంటుంది. మొదట స్టేటస్ మెట్టు, తర్వాత ఫేర్ క్లాస్, ఆ తర్వాత అడిగిన సమయం, ఇలా. ఆ వరసలో పైకి రావాలంటే చేయగలిగిన పనులు ఇవి. టికెట్ కొనేముందే ఆ ఫేర్‌కి అప్‌గ్రేడ్ వర్తిస్తుందో లేదో చూడండి, అన్నింటికన్నా చవక ఫేర్లకు చాలాసార్లు వర్తించదు. బిజినెస్ సీట్లు ఎక్కువున్న పెద్ద విమానాన్ని ఎంచుకోండి. ఆఫీసు పనుల మీద అందరూ తిరిగే ఉదయం, సాయంత్రం వేళలకన్నా మధ్యాహ్నం, వారం మధ్య విమానాలు మేలు. కుటుంబంతో ఒకే బుకింగ్‌లో ఉంటే అందరికీ కలిపి సీట్లు దొరకాలి కాబట్టి అవకాశం తగ్గుతుంది.

వేలం పద్ధతిలో, డబ్బు కట్టి తీసుకునే అప్‌గ్రేడ్ కూడా ఉంది. అది కొనేముందు ఒకటి చదవండి: మైళ్లు ఎక్కువగా పాత టికెట్ క్లాసు లెక్కనే పడతాయి, లగేజీ పరిమితి కూడా కొన్ని సంస్థల్లో పాతదే ఉంటుంది. రాత్రంతా సాగే ప్రయాణంలో పడుకునే సీటు దొరుకుతుందంటే నేను డబ్బు పెడతాను. మూడు గంటల పగటి ప్రయాణానికి పెట్టను.

6. మైళ్లు ఖర్చు పెట్టడం

మైలు విలువ తెలుసుకోవడానికి సూత్రం ఇది: టికెట్ నగదు ధరలోంచి, మైళ్లతో తీసుకున్నా కట్టాల్సిన పన్నులు, సర్‌చార్జీలు తీసేయండి. మిగిలినదాన్ని మైళ్ల సంఖ్యతో భాగించండి. 600 డాలర్ల టికెట్‌కి 40,000 మైళ్లు, 100 డాలర్ల పన్నులు అడిగారనుకోండి. 500ని 40,000తో భాగిస్తే మైలుకు ఒకటింపావు సెంటు. ఇలా కొన్నిసార్లు లెక్కవేస్తే మీ ప్రోగ్రాంలో ఏది మంచి ధరో, ఏది కాదో మీకే తెలుస్తుంది. హెడ్‌ఫోన్లు, గిఫ్ట్ కార్డుల లాంటి వాటికి ఇదే లెక్క వేస్తే విలువ సాధారణంగా బాగా పడిపోతుంది. వాటి జోలికి పోకండి.

సర్‌చార్జీల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. కొన్ని ప్రోగ్రాంలు ఇంధనం పేరుతో వందల డాలర్లు వసూలు చేస్తాయి. అదే విమానంలో అదే సీటును కూటమిలోని మరో ప్రోగ్రాం మైళ్లతో తీసుకుంటే ఆ సర్‌చార్జీ ఉండకపోవచ్చు. అందుకే ఒకే సీటును రెండు మూడు ప్రోగ్రాంల సైట్లలో వెతకాలి.

బ్యాంకు పాయింట్లను ఎయిర్‌లైన్ మైళ్లుగా మార్చితే వెనక్కి రావు. సీటు కళ్లతో చూశాకే మార్చండి. కొన్నింటికి మార్పిడి జరగడానికి రోజులు పడుతుంది, ఆలోపు సీటు పోవచ్చు. ముందే ఫోన్ చేసి సీటును ఆపి ఉంచే సౌకర్యం ఉందేమో అడగండి.

మైళ్లను దాచుకోవడానికి నేను ఎప్పుడూ మొగ్గు చూపను. ఎక్కువ ప్రోగ్రాంలు ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్లో చెప్పే స్థిరమైన పట్టికలు ఎత్తేసి, డిమాండును బట్టి మైళ్ల ధర మార్చే పద్ధతికి వచ్చేశాయి. ఎయిర్ బెర్లిన్ 2017లో దివాలా తీసినప్పుడు దాని ప్రోగ్రాం కూడా దివాలా తీసింది. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు కొత్త ప్రోగ్రాంలోకి మారాయి. విలీనం మేలు, దివాలా నష్టం, ఏది వస్తుందో ముందే తెలియదు. ఒక పెద్ద ప్రయాణానికి సరిపడా మైళ్లు పోగవగానే వాడేయడం నా పద్ధతి. అయితే ఖాతాలో చివరి మైలు వరకూ ఖాళీ చేయను. నగదుతో కొంటే బాగా ఖరీదయ్యే ఆఖరి నిమిషం అత్యవసర ప్రయాణానికి కొన్ని మైళ్లు ఉంచుకుంటాను. మైళ్ల టికెట్లను రద్దు చేసుకుంటే చాలా ప్రోగ్రాంలలో మైళ్లు వెనక్కి వస్తాయి. ఇంట్లో ఎవరికైనా బాగాలేనప్పుడు ఈ వెసులుబాటు విలువ ఏ లెక్కకూ అందదు.

7. విమానం రద్దయినప్పుడు

రద్దయిందన్న మెసేజ్ రాగానే అందరూ ఒకే కౌంటర్ వైపు పరుగెడతారు. మీరు మొదట ఫోన్ తీయండి. మీ గమ్యానికి ఇంకా వెళ్లే విమానాలు ఏవి, కూటమిలో ఏ సంస్థవి, ఏ నగరం మీదుగా వెళ్లొచ్చు అని వెతికి రెండు మూడు విమానాల నంబర్లు రాసుకోండి. తర్వాత ఒకేసారి మూడు దారులు తెరవండి: లైన్లో నిలబడండి, సభ్యుల ఫోన్ లైన్‌కి కాల్ చేయండి, యాప్‌లో మార్పు కోసం చూడండి. ఫోన్ ఎత్తకపోతే అదే సంస్థకు మరో దేశంలో ఉన్న ఆఫీసు నంబర్‌కి చేయండి. అక్కడ పగలైతే రద్దీ తక్కువగా ఉంటుంది. లాంజ్ దగ్గర్లో ఉంటే నేరుగా అక్కడి డెస్క్‌కి వెళ్లండి.

ఒక సాయంత్రం నా కనెక్టింగ్ విమానం రద్దయింది. కౌంటర్ దగ్గర లైన్ హాలు చివరిదాకా ఉంది. లాంజ్ డెస్క్‌లో ఉన్న ఆమెకు నేను పలానా భాగస్వామ్య సంస్థ తెల్లవారుజాము విమానంలో సీట్లు కనిపిస్తున్నాయి, దయచేసి చూడగలరా అని విమానం నంబర్ చెప్పాను. తన మొదటి ప్రయత్నంలో సిస్టం ఒప్పుకోలేదు. ఆమె పట్టు వదలకుండా వాళ్ల డెస్క్‌కి ఫోన్ చేసి, టికెట్ మళ్లీ జారీ చేసి, హోటల్ స్లిప్ చేతిలో పెట్టింది. ఆమె శ్రద్ధకు ఇప్పటికీ కృతజ్ఞత ఉంది. “నన్ను ఎలాగైనా పంపండి” అంటే ఉద్యోగి మొదటి నుంచి వెతకాలి. “ఈ నంబర్ విమానంలో వేయగలరా” అంటే అవునో కాదో వెంటనే తేలుతుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఆ రోజు కౌంటర్ వెనకున్న మనిషి మన ముందు ఎంతోమంది అరుపులు విని ఉంటారు. “నేను గోల్డ్ మెంబర్‌ని తెలుసా” అనే మాట అక్కర్లేదు, అది తెర మీదే ఉంటుంది. పేరు, పీఎన్ఆర్, కావాల్సిన విమానం, ఎప్పటికల్లా చేరాలో చెప్పండి. కొత్త టికెట్ ఇచ్చాక సీటు నంబర్, లగేజీ ఏ విమానంలో వస్తుంది, ఆ 13 అంకెల టికెట్ నంబర్ మళ్లీ జారీ అయిందా అన్న మూడూ అడిగాకే కౌంటర్ వదలండి. సీటు కనిపిస్తూ టికెట్ జారీ కాకపోతే మర్నాడు గేటు దగ్గర ఆపేస్తారు.

స్టేటస్‌తో సంబంధం లేని చట్టపరమైన హక్కులు కూడా ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ 261 నియమం ప్రకారం ఆ దేశాల నుంచి బయల్దేరే ఏ సంస్థ విమానానికైనా, ఆ దేశాలకు వచ్చే యూరప్ సంస్థల విమానాలకైనా, రద్దయినా మూడు గంటలు మించి ఆలస్యంగా చేర్చినా దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోల పరిహారం ఉంటుంది. వాతావరణం లాంటి సంస్థ చేతిలో లేని కారణమైతే ఆ డబ్బు రాదు, కానీ భోజనం, హోటల్ ఇవ్వాల్సిందే. మామూలు సాంకేతిక లోపం ఆ మినహాయింపు కిందకు రాదు. మైళ్లతో తీసుకున్న టికెట్లకూ ఈ నియమం వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. “ఫ్రీ టికెట్ కదా” అంటే ఊరుకోకండి. అమెరికాకు సంబంధించిన విమానాల్లో 2024 నుంచి దేశీయ ప్రయాణం మూడు గంటలు, అంతర్జాతీయ ప్రయాణం ఆరు గంటలు మించి మారితే, మీరు కొత్త సమయం వద్దనుకుంటే డబ్బు వాపసు ఇవ్వాలి. ఓచర్ ఇస్తామంటే ఒప్పుకునే ముందు ఈ హక్కు గుర్తుతెచ్చుకోండి.

8. లగేజీ, సీటు విషయంలో

పెట్టె రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే లగేజీ డెస్క్‌లో రిపోర్టు రాయించి నంబర్ తీసుకోండి. విమాన సంస్థల బాధ్యత మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం కింద, అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యమైతే అది చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిహారం పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 స్పెషల్ డ్రాయింగ్ రైట్స్, ఇది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే కొలమానం. పెట్టె వచ్చేదాకా కొన్న బట్టలు, సబ్బుల రసీదులు దాచండి.

బిజినెస్ టికెట్ కొన్నా ఎకానమీలో కూర్చోబెడితే 261 నియమం కింద టికెట్ ధరలో దూరాన్ని బట్టి 30, 50, 75 శాతం వెనక్కి ఇవ్వాలి. డబ్బు కట్టి ఎంచుకున్న సీటు పోతే ఆ రుసుము వెనక్కి అడగండి. విమానం మారి నేను డబ్బు కట్టిన సీటు పోయినప్పుడు వాపసు దానంతట అది రాలేదు, ఫారం నింపాకే వచ్చింది. పాత, కొత్త బోర్డింగ్ పాస్‌లు రెండూ నా దగ్గర ఉండబట్టి వాదన అవసరం పడలేదు.

9. ఖాతా భద్రత

మైళ్లు దొంగల చేతికి తేలిగ్గా చిక్కే డబ్బు. వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి, ఓటీపీ సౌకర్యం ఉంటే తప్పక ఆన్ చేయండి. బోర్డింగ్ పాస్ ఫొటో సోషల్ మీడియాలో పెట్టొద్దు. బార్‌కోడ్‌లో మీ పీఎన్ఆర్, చాలాసార్లు సభ్యత్వ నంబర్ కూడా ఉంటాయి. పీఎన్ఆర్, ఇంటిపేరు చాలు, ఎవరైనా మీ తిరుగు ప్రయాణాన్ని తెరిచి చూడగలరు. మైళ్లను బ్రోకర్లకు అమ్మడం, కొనడం నియమాలకు విరుద్ధం. పట్టుబడితే ఖాతానే మూసేస్తారు.

10. ఫిర్యాదు ఎలా రాయాలి

ఒక కేసు తెలుసుకోవడం మంచిది. బిన్యోమిన్ గిన్స్‌బర్గ్ అనే యూదు మతగురువు నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ప్రోగ్రాంలో ప్లాటినం సభ్యుడు. తక్కువ కాలంలో ఎక్కువ ఫిర్యాదులు చేశాడంటూ 2008లో సంస్థ ఆయన సభ్యత్వం తీసేసింది. సంస్థ రాసిన లేఖలో 24 ఫిర్యాదుల ప్రస్తావన ఉంది, వాటిలో 9 లగేజీ ఆలస్యం గురించే. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంస్థ సద్భావనతో నడుచుకోలేదన్న ఆయన వాదనను 1978 నాటి విమానయాన చట్టం అడ్డుకుంటుందని 2014 ఏప్రిల్‌లో కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అంటే ప్రోగ్రాం నియమాల్లో “మా నిర్ణయమే తుది” అని రాసిన వాక్యానికి నిజంగా బలం ఉంది.

అందుకని నోరు మూసుకోమని నేను చెప్పడం లేదు. నిజమైన నష్టం జరిగినప్పుడు తప్పకుండా రాయండి. కాఫీ చల్లగా ఉందని, సినిమాల జాబితా బాగాలేదని రాసి ఆ మాటల బరువు తగ్గించుకోకండి. రాసేటప్పుడు ఒక ఉత్తరంలో ఒకే సమస్య ఉండాలి. మొదటి రెండు లైన్లలో పీఎన్ఆర్, విమానం నంబర్, తేదీ, సభ్యత్వ నంబర్. తర్వాత ఏం జరిగిందో సమయాలతో సహా నాలుగైదు వాక్యాలు. ఆఖర్న కచ్చితంగా ఏం కావాలో: ఇంత రసీదు మొత్తం, ఇన్ని యూరోలు, పోయిన స్టేటస్ పాయింట్లు. “తగిన న్యాయం చేయండి” అని రాస్తే వాళ్లకు నచ్చిన ఓచర్ వస్తుంది. రద్దయి వేరే సంస్థలో వెళ్లాల్సి వచ్చినప్పుడు మొదటి టికెట్‌కి రావాల్సిన మైళ్లు, స్టేటస్ పాయింట్లు విడిగా అడగండి. చాలా ప్రోగ్రాంలు ఇస్తాయి, అడిగేవాళ్లే తక్కువ.

బాగా చూసుకున్న ఉద్యోగి గురించి కూడా అదే ఫారంలో రాయండి, పేరు, తేదీ, విమానం నంబర్‌తో. కొన్ని ప్రోగ్రాంలు పైమెట్టు సభ్యులకు ఇందుకోసం ప్రత్యేక కూపన్లు ఇస్తాయి. బ్యాగులో వెంట ఉంచుకుని, అక్కడికక్కడే చేతికివ్వండి.

జవాబు ముందే అచ్చువేసినట్టు వస్తే అదే ఉత్తరం కింద, కొత్తగా మొదలుపెట్టకుండా, నియమం నంబర్ చెప్పి ఒకసారి మళ్లీ అడగండి. రెండోసారీ కాదంటే ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థకు, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు. మాంట్రియల్ ఒప్పందం కింద కోర్టుకు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. అప్పటిదాకా బోర్డింగ్ పాస్, రసీదులు, ఆ రోజు వచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి.